చేతిపని పేజీ: చిట్టి తరగతిలో చెరువు



పోయిన నెల నాకొక ఉత్తరం వచ్చింది. రాసింది ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. వాళ్ల తమ్ముడికి ఈమధ్యనే మూడేళ్లు నిండాయట. వీధి చివర వున్న అంగన్‌వాడీలో వేశారట. వాడు రోజూ వెళ్లడమైతే వెళతాడు గాని, గుమ్మం దాటి లోపలికి పోడట. గడప మీదే కూర్చుని, అక్కయ్య కనబడినంతసేపూ చూసి, ఆ తరువాత ఏడుపు లంకించుకుంటాడట.

"ఆ గది గోడలకు సున్నం తప్ప మరేమీ లేదు తాతయ్యా! మా తమ్ముడికి మా వూరి చెరువంటే ఎంతో యిష్టం. గదిని చెరువులాగా చేస్తే వాడు లోపలికి వస్తాడేమో! టీచరమ్మగారు సరేనన్నారు. కాని మా స్నేహితులందరి దగ్గరా కలిపి యాభై రూపాయలే వున్నాయి. ఎలా చెయ్యాలో చెప్పండి" అని రాసింది.

అమ్మాయీ, యాభై రూపాయలు చాలా ఎక్కువ. అందులో సగమైనా మిగలాలి. ఎలా చెయ్యాలో చెబుతాను. కాని అంతకు ముందు, నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. అది వింటే మీరు మళ్లీ ఆ పొరపాటు చెయ్యరు.

చాలా ఏళ్ల కిందట నేనూ ఒక చిట్టి తరగతిని అలంకరించాను. మూడు రోజులు కష్టపడ్డాను. నాలుగు గోడల నిండా, దూలాల నుంచి కిటికీల దాకా, బొమ్మలు అంటించాను. పెద్దవాళ్లందరూ వచ్చి, "ఆహా, ఎంత బాగుంది!" అన్నారు. నేను పొంగిపోయాను. కాని పిల్లలు మాత్రం వాటి వంక చూడనే లేదు. ఎందుకు చూడలేదో నాకు అర్థం కాలేదు. చివరికి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తెలిసింది. నేను కట్టినవన్నీ నా కళ్ల ఎత్తులో వున్నాయి! మూడు, నాలుగేళ్ల పిల్లల కళ్లు నేలకు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో వుంటాయి. ఆ ఎత్తులో నేను వుంచినదల్లా సున్నం గోడే.

ఇంకో తప్పు అంతకన్నా పెద్దది. చేపలకు కళ్లుగా గురివింద గింజలు అంటించాను. చవితికి మట్టి వినాయకుడికి కళ్లు పెట్టేది వాటితోనే కదా, చేపలకు పెడితే ఏమవుతుందిలే అనుకున్నాను. అందరికన్నా చిన్నవాడొకడు, ఊడి కిందపడిన ఒక చేప కన్ను పీకి నోట్లో వేసుకున్నాడు! టీచరమ్మగారు చూడబట్టి సరిపోయింది. వాడు ఉమ్మేసిన గింజ పగలలేదు. గురివింద గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం వుంది. పైతొక్క గట్టిగా వుంటుంది గనుక, నమలకుండా మింగితే ఒక్కొక్కప్పుడు అలాగే బయటికి పోతుంది. నమిలితే ప్రాణానికే ముప్పు. ఆ రోజు నాకు పట్టిన చెమట నేను యిప్పటికీ మరిచిపోలేదు.

అంచేత గురివింద గింజలు వద్దు. ఆముదం గింజలూ వద్దు, వాటిలోనూ విషం వుంది. చింతపిక్కలు, పూసలు, గుండీలు విషం కాకపోయినా గొంతుకు అడ్డం పడతాయి. గుండుసూదుల సంగతి చెప్పనే అక్కరలేదు. చేప కన్ను బొగ్గుతో గీస్తే చాలు. చక్కగా చూస్తూ వుంటుంది.

మరొక్క మాట. నాలుగు గోడలూ నింపవద్దు. ఇది నా మాట ఒక్కటే కాదు. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు ఒక పరీక్ష చేశారు. 24 మంది చిన్న పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో నిండిన గదిలోనూ, కొన్ని పాఠాలు బోసి గోడల గదిలోనూ చెప్పారు. బొమ్మల గదిలో వున్నప్పుడు పిల్లల చూపు పాఠం మీద నుంచి ఎక్కువగా పక్కకు పోయింది. తరువాత ప్రశ్నలు అడిగితే బోసి గదిలో నేర్చుకున్న పాఠాలకు నూటికి 55 వంతులు, బొమ్మల గదిలో నేర్చుకున్న వాటికి 42 వంతులు సరిగ్గా చెప్పారు. అలాగని గోడలన్నీ బోసిగా వుంచాలని కాదు. టీచరమ్మగారు నిలబడి కథ చెప్పే గోడను ఖాళీగా వదిలిపెట్టండి. చెరువు ఎదుటి గోడకు వుండనివ్వండి. ఒక్క గోడ చాలు!

ఇక పనిలోకి దిగుదాం.

చెరువుకు నీళ్లు కావాలి. ఎవరింట్లోనైనా పాత నీలం నూలు చీర వుంటుంది. దాన్ని గోడకు అడ్డంగా, పై అంచు నేలకు మీటరున్నర ఎత్తులో వుండేటట్టు కట్టించండి. మధ్యమధ్య కాస్త వదులుగా వేలాడనిస్తే అలల్లాగా వుంటుంది. కట్టడం పెద్దవాళ్ల పని. గదిలో ఓ మూల వంట చేస్తూ వుంటే చీరను ఆ పక్కకు కట్టవద్దు.

చేపలకు శుభలేఖలు. ప్రతి యింట్లోనూ పెళ్లయిపోయిన శుభలేఖల కట్ట ఒకటి వుండనే వుంటుంది. ఆ అట్ట దళసరిగా వుంటుంది, మీద బంగారు రంగు మెరుస్తూ వుంటుంది, మూలల్లో పసుపు కూడా ముందే రాసి వుంటుంది! చేప పొలుసుకు అంతకన్నా మంచి సరుకు బజారులో దొరకదు. దేవుడి బొమ్మ వున్న ముక్కను మాత్రం కత్తిరించకండి. దాన్ని జాగ్రత్తగా విడదీసి మీ బామ్మగారికి యిచ్చెయ్యండి. లేకపోతే ఆవిడ నా మీద కోప్పడతారు.

అరచేయంత చేపను కత్తిరించండి. అంచులు గుండ్రంగా వుండాలి, మొనలు వుండకూడదు. చేపలను చీరకు దారంతో కుట్టండి. అంటిస్తే రెండు రోజుల్లో ఊడిపోతాయి. అన్నీ ఒకే దిక్కుకు చూడనక్కరలేదు, ఒకటి రెండు వెనక్కు తిరిగినా ఫరవాలేదు. కొన్ని మాత్రం చిట్టి చేతులకు అందేటంత కింద వుండాలి. పిల్లలు వాటిని ముట్టుకుంటారు, నలుపుతారు. నలపనివ్వండి.

తామరాకులకు పాత వార్తాపత్రికలు సరిపోతాయి. వాటికి చిక్కుడాకు రసం పూయండి. బచ్చలి పండ్లు నలిపితే ఊదా రంగు వస్తుంది. పసుపు నీళ్లలో ముంచిన కాగితం మంచి పసుపుపచ్చగా వుంటుంది. ఆ పసుపు కాగితం ఆరిన తరువాత, బట్టల సబ్బు నీళ్లలో పుల్ల ముంచి దాని మీద చుక్కలు పెట్టి చూడండి. ఏమయింది? చుక్కలన్నీ ఎర్రబడ్డాయి! సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. పారాణి ఎర్రగా వుండేది యిందుకే, అందులో సున్నం కలుపుతారు. ఒక చిక్కు మాత్రం వుంది. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. పసుపు చేపలను కిటికీకి దూరంగా వుంచండి.

అంటించవలసిన చోట మీరే జిగురు కాచుకోండి. ఒక పెద్ద చెంచాడు మైదాపిండిని అయిదు చెంచాల చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అమ్మ చేత సన్నని సెగ మీద కాయించండి. తెల్లగా వున్నది కాస్తా గాజులాగా అయి చిక్కబడుతుంది. వేడికి పిండి రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి గనుక అలా అవుతుంది. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవాళ్లు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపకండి. అది విషం, యిది చిట్టి పిల్లల గది. జిగురు రెండు రోజులకు పులిసిపోతే పారేసి, మళ్లీ కాచుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, కప్ప.

గోడ రోజూ ఒకేలా వుంటే ఎవరు చూస్తారు? నాలుగో రోజుకు మీరైనా చూడరు. అంచేత మన చెరువు మారుతూ వుండాలి. మొదటి వారం చీర మీద ఒక మూల తెల్ల కాగితపు చుక్కలు గుత్తిగా కుట్టండి. ఒక్కొక్క చుక్క మధ్య చిన్న నల్ల చుక్క గీయండి. అవి కప్ప గుడ్లు. రెండో వారం వాటిని విప్పేసి, తోకలున్న నల్లని పిల్లలను పెట్టండి. అవే తోకకప్పలు. మూడో వారం వాటికి వెనక కాళ్లు అతికించండి. ముందు వచ్చేవి వెనక కాళ్లే సుమా! ముందరి కాళ్లు ఆ తరువాతి వారం వస్తాయి. అప్పుడు తోక కొంచెం కత్తిరించండి. అయిదో వారం తోక లేని చిన్న కప్ప తామరాకు మీదికి ఎక్కి కూర్చోవాలి. నిజం చెరువులోనూ యిదే వరసలో జరుగుతుంది. ప్రతి సోమవారం పొద్దున్న పిల్లలు రాకముందే మార్చండి. "ఈవాళ ఏం మారింది?" అని టీచరమ్మగారిని అడగమనండి. గడప మీద కూర్చున్న తమ్ముడికి అక్కడి నుంచి కప్ప సరిగ్గా కనపడదు. చూడాలంటే లోపలికి రావాలి.

నీళ్ల పైన ఎగిరే తూనీగలు కూడా కావాలి కదూ? 30 సెంటీమీటర్ల కొబ్బరి ఈనె ఒకటి తీసుకోండి. అట్టతో ఒక చిన్న తూనీగ, దానికి రెండింతల బరువున్న పెద్ద తూనీగ చేయండి. చిన్నదానికి ఒక అట్ట ముక్క, పెద్దదానికి అదే కొలతలో రెండు ముక్కలు కలిపి అంటిస్తే రెండింతలవుతుంది. ఈనె చెరొక కొసకు ఒక్కొక్క దాన్ని దారంతో కట్టి, ఈనెను మరొక దారంతో వేలాడదీయండి. ఆ దారం ఎక్కడ ముడి వెయ్యాలి? మధ్యలో వేస్తే పెద్ద తూనీగ వైపు ఒరిగిపోతుంది. పెద్దదానికి 10 సెంటీమీటర్ల దూరంలో, అంటే చిన్నదానికి 20 సెంటీమీటర్ల దూరంలో వెయ్యండి. సమంగా నిలుస్తుంది. రెండింతల బరువు సగం దూరంలో వుంటే, రెండు వైపులా సరిపోతుందన్న మాట. ఈనెకు కూడా కాస్త బరువు వుంటుంది గనుక ముడిని ఒక రవ్వ మధ్యకు జరపవలసి రావచ్చు. ఊదితే చాలు, తూనీగలు గిర్రున తిరుగుతాయి. వీటిని మాత్రం పైన, పిల్లలు పీట ఎక్కినా అందనంత ఎత్తులో కట్టించండి. వేలాడే దారాలు చిట్టి మెడలకు చుట్టుకుంటే ప్రమాదం. పంకాకు కట్టవద్దు.

తామరపువ్వులు కుట్టనక్కరలేదు. వాటితో ఒక వింత చేయవచ్చు. పలుచని నోటుపుస్తకం కాగితంతో ఆరు రేకుల పువ్వు కత్తిరించి, రేకులన్నీ ఒకదాని మీద ఒకటి లోపలికి మడవండి. పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి, ఆ మొగ్గను మెల్లగా నీళ్ల మీద వదలండి. ఎవరూ ముట్టుకోకుండానే ఒక్కొక్క రేకూ విచ్చుకుంటుంది! కాగితంలో సన్నని పీచు వుంటుంది. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మడతను తెరిచేస్తుంది. దళసరి కాగితమైతే ఆలస్యంగా విచ్చుకుంటుంది, రెండూ పక్కపక్కన వదిలి పందెం పెట్టవచ్చు. ఆట అయిన వెంటనే నీళ్లు చెట్టుకు పోసెయ్యండి. చిట్టి పిల్లలు ఒంటరిగా వున్న చోట పళ్లెంలో నీళ్లయినా వుంచరాదు.

ఇవన్నీ మీరు చేసేసి, చేతులు దులుపుకుని వచ్చెయ్యకండి. చీరలో కింద మూల ఒక చోట ఖాళీగా వుంచండి. అది చిట్టి పిల్లల చోటు. జర్మనీ దేశంలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న వూళ్లో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. కాగితాలు మడవడం, కాగితపు పేలికలు నేయడం, మట్టితో బొమ్మలు చేయడం అక్కడ పిల్లలు తమ చేతులతో చేసిన పనులే. మన దేశంలో అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఆ గదిలో కూర్చునే పిల్లలకూ పది వేళ్లున్నాయి కదా! కాగితం చింపడం మూడేళ్ల వాడికి బ్రహ్మాండంగా వచ్చు. ఇంట్లో చింపితే తిడతారు, యిక్కడ చింపమనండి. చింపిన ముక్కలను గడ్డి అనో, నాచు అనో ఆ ఖాళీలో అంటించండి. చేపలాగా లేని చేపను చేసి తెస్తే, అది చేపేనని ఒప్పుకుని పెట్టండి. దిద్దవద్దు.

లెక్క చూద్దామా? చీర, శుభలేఖలు, పత్రికలు, ఈనెలు, బొగ్గు, ఆకులు, పండ్లు అన్నీ యింట్లోవే. కొనవలసినవి దారం ఉండ ఒకటి, మైదా కాసింత. కత్తెర టీచరమ్మగారి దగ్గర వుంటుంది. మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలో మీలో మీరు పోట్లాడుకోకుండా తేల్చుకోండి.

ఉత్తరం రాసిన అమ్మాయీ, పని మొదలుపెట్టిన రోజు తమ్ముణ్ణి కూడా మీ పక్కనే కూర్చోబెట్టుకో. ఒక చేపను వాడి చేతే నలిపించి, వాడి కళ్ల ఎత్తులో కుట్టు. ఎక్కడ కుట్టావో వాడికి తెలియాలి. అయిదో వారం కప్ప ఆకు మీదికి ఎక్కిన తరువాత నాకు మళ్లీ ఉత్తరం రాయి. వాడు ఏ వారం గడప దాటాడో రాయడం మరిచిపోకు.

వచ్చే నెల కొబ్బరిచిప్పతో తాబేలు చేద్దాం. చిప్పలు యిప్పటి నుంచే దాచండి. గరుకు కాగితం ఒక ముక్క కావాలని నాన్నగారితో చెప్పి వుంచండి.