బండి కందెన, యంత్రపు కందెన

ఆముదములో గడ్డిమసి రంగరించి బండి యిరుసునకు కందెన పెట్టిన మన రైతు రసాయనశాస్త్రము చదివినవాడు కాడు. అయినను నూనెకు మసి తోడైనచో ఇరుసు తక్కువగా నరుగునని యాతడెరుగును. నేడు పరిశోధనాలయములలో కర్బనపు సూక్ష్మరేణువులందు నైట్రోజను, బోరాను, గంధకము వంటి మూలకములను చొప్పించి యంత్రపు నూనెలలో కలుపుచున్నారు. మూలమున నిది యా కందెనకు దూరపు చుట్టమే.

విషయము స్వల్పమైనది కాదు. ప్రపంచము వ్యయించు శక్తిలో నూటికి 20 పాళ్లు రాపిడిని జయించుటకును, 3 పాళ్లు అరిగిన భాగములను మరల నిర్మించుటకును పోవుచున్నవని 2017లో హోల్మ్‌బెర్గ్, ఎర్డెమిర్ అను శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వాడుకొను ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి పరదేశములనుండి తెచ్చుకొను మనకు ఈ నష్టము చిల్లికుండతో నీరు మోయుట వంటిది.

కర్బనమును నూనెలో కలుపుట క్రొత్త తలంపు గాదు. గత శతాబ్దారంభముననే అమెరికాలో అచెసన్ గ్రాఫైటు కలిపిన నూనెను విక్రయించెను. చిక్కెల్ల కర్బనము ఉండకట్టి యడుగునకు దిగుటయందున్నది. అన్యమూలకములు చేరిన కర్బనము లోహమును గట్టిగా నంటుకొని, రాపిడి వేడిమిలో దానిపై పలుచని రక్షణపొర నేర్పరచును. అరుగుదల నాపుటకై 1940ల నుండి వాడుచున్న జింకు, భాస్వరముల సమ్మేళనము వాహనపు పొగను శుద్ధిచేయు సాధనమును పాడుచేయును గనుక దానికి బదులు వెదకుట యవసరమైనది. భాస్వరము చేర్చిన కర్బనమునకు మాత్ర మీ దోషముండదని యెవరు చెప్పగలరు?

డెహ్రాడూనులోని భారత పెట్రోలియం సంస్థ యిట్టి కర్బనములపై పరిశోధించి వ్యాసములు ప్రకటించినది, సంతోషమే. కాని వ్యాసము వేరు, నూనెడబ్బా వేరు. కదలని మూడు ఉక్కుగుండ్లపై నాలుగవ గుండును నిమిషమునకు 1200 చుట్ల వంతున గంటసేపు త్రిప్పి చూచు పరీక్ష, ఎండలో, దుమ్ములో లక్ష మైళ్లు తిరుగు ఇంజనునకు సాక్ష్యము కానేరదు. ఈ ద్రవ్యముల విద్య నేటికిని పెక్కుపాళ్లు కొద్దిపాటి విదేశ సంస్థల చేతిలో నుండుటకు మన బుద్ధిలోపము కారణము కాదు. దీర్ఘపరీక్షకు ధనమిచ్చువారు లేకుండుటయే.

కావున మేము కోరునది యొక్కటి. మన రెండు రాష్ట్రముల రోడ్డు రవాణా సంస్థలు ఒకే దారిని నడుచు బస్సులను కొన్నింటిని ఈ పరీక్షకై యియ్యవలెను. సగమింటికి పాతనూనె, సగమింటికి క్రొత్తనూనె పోసి రెండేండ్లు నడిపి, ఖర్చయిన డీజిలును, అరిగిన ఇనుమును తూచి, ఫలిత మనుకూలమైనను ప్రతికూలమైనను ఆ లెక్కలను ప్రజలయెదుట పెట్టవలెను.