ఆరు నెలల సర్వీసు

అరుణ్ ఖేతర్‌పాల్ 1971 జూన్ 13న పూనా హార్స్ రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. డిసెంబర్ 16న యుద్ధభూమిలో చనిపోయాడు. ఆరు నెలల మూడు రోజుల సర్వీసు. వయసు 21. అహ్మద్‌నగర్‌లో శిక్షణ సగంలో ఉండగా పాకిస్తాన్‌తో యుద్ధానికి పిలుపొచ్చింది. సామానులో గోల్ఫ్ కర్రలు, విందుల్లో వేసుకునే నీలం యూనిఫాం కూడా సర్దుకున్నాడట. లాహోర్‌లో గోల్ఫ్ ఆడాలి, గెలిచాక విందుకు మంచి బట్టలుండాలి కదా అన్నాడని చెబుతారు. కుర్రతనమే!

ఆ కుర్రాడే షకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది దాటి, జర్పాల్ దగ్గర శత్రు ట్యాంకులకు ఎదురు నిలిచాడు. అతని సెంచూరియన్ ట్యాంకు పేరు ఫామగుస్తా. దెబ్బ తగిలి అది అంటుకుంది. దిగి వచ్చెయ్యమని రేడియోలో పైఅధికారి ఆజ్ఞ. తుపాకి ఇంకా పనిచేస్తోంది, దిగనన్నాడు. ఆఖరున పేల్చిన శత్రు ట్యాంకు అతనికి వంద మీటర్ల దూరంలో ఉంది. ఆ తర్వాత తగిలిన దెబ్బకు అతను లేడు. ఢాకాలో పాక్ సేన లొంగిపోయిందీ ఆ రోజే. మరణానంతరం పరమవీర చక్ర ప్రకటించారు. ఆరు నెలల ఉద్యోగికి అంత పెద్ద పతకమా అని ఎవరూ అడగలేదు.

కార్గిల్‌లో వీరచక్ర పొందిన 22 ఏళ్ల విజయంత్ థాపర్‌దీ ఆరున్నర నెలల సర్వీసే. కుప్వారాలో ఒక చిన్నపిల్లకు నెలనెలా 50 రూపాయలు పంపుతూ ఉండండని ఆఖరి ఉత్తరంలో అమ్మానాన్నలకు రాసిపెట్టి కొండెక్కాడు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ మురళీ నాయక్ 2025 మే 9న నియంత్రణ రేఖ వద్ద పాక్ కాల్పుల్లో నేలకొరిగాడు. అతను అగ్నివీర్. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం నాలుగేళ్లకు తీసుకున్న సైనికుడు. సరిహద్దులో అగ్నివీర్‌కు వేరే కందకం ఉండదు, వేరే తూటా ఉండదు. చనిపోయాకే అతను వేరవుతాడు. రెగ్యులర్ జవాను యుద్ధంలో మరణిస్తే, చేరిన మర్నాడే అయినా సరే, కుటుంబానికి పెన్షన్ వస్తుంది. అగ్నివీర్ ఇంటికి రాదు.

48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలపు జీతం ఇస్తున్నాం కదా అని కేంద్రం అంటుంది. ఇస్తోంది, కాదనం. కానీ రెగ్యులర్ జవాను ఇంటికీ బీమా, ఎక్స్‌గ్రేషియా అందుతాయి, వాటిపైన జీవితాంతం పెన్షన్. తేడా అక్కడే ఉంది. నాలుగేళ్ల కొలువుకు పెన్షనేమిటన్న వాదన బతికి ఇంటికొచ్చిన వాడి విషయంలో చర్చించుకోవచ్చు. శవపేటికలో వచ్చిన వాడికి అది చెల్లదు. అతని సర్వీసు ముగిసిపోలేదు, అతనే అందులో ముగిసిపోయాడు. మురళి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల భూమి, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. అయితే అది ఆనాటి ముఖ్యమంత్రి మనసును బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారేది. పెన్షన్ అలా కాదు, అది హక్కు.

పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం 2024లోనే ఈ పెన్షన్‌కు సిఫార్సు చేసింది. చట్టం మార్చే పని కూడా లేదు. సాహస పతక గ్రహీత భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, భర్త తమ్ముణ్నో అన్ననో చేసుకుంటేనే పతకం అలవెన్సు కొనసాగుతుందన్న నిబంధన మన దగ్గర 2017 దాకా ఉండేది. ఒక్క ఉత్తర్వుతో ఎత్తేశారు. ఇప్పుడూ అలాంటిదొకటి చాలు. దాన్ని 2022 నుంచే వర్తింపజేయాలి. లేకపోతే కల్లితండాకు అది చేరదు.