లైటు ఆరితే రోగం కుదిరినట్టేనా?

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారులో గేర్ లైటు ఒకరోజు వెలిగి మరుసటి రోజు ఆరిపోయిందనుకోండి. ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ఇప్పుడైతే లేదు గదా, నీకే అట్ల అనిపిస్తది." మెకానిక్ దగ్గరికెళ్తే "సార్‌ను పంపుండ్రి మేడం." రోజూ నడిపేది మనం. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీల మధ్య గేరు పడక ఆగిపోతే, పిల్లలతో అందులో ఉండేదీ మనమే!

లైటు ఆరినా కారు చాలాసార్లు కోడ్ దాచుకుంటుంది. స్కానర్ పెడితే అది కనపడుతుంది. బ్యాటరీ వైరు పీకి "సెట్ అయింది" అనడమంటే రోగం కుదర్చకుండా రోగి నోరు మూయడమే.

పీ0700 వచ్చిందని గేర్‌బాక్స్ దించనివ్వకండి. గేర్ల కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే దానర్థం. అసలు కోడ్ ఆ కంప్యూటర్‌లోనే చదవాలి. అది చదవగల స్కానర్ జనగామలోనో మానుకోటలోనో దొరక్కపోతే వరంగల్ వెళ్దాం. నీరసించిన బ్యాటరీ, వదులైన కనెక్టర్, బ్రేక్ స్విచ్, తగ్గిన ఆయిల్... ఖర్చు తక్కువవి ముందు చూడమనండి.

లైటు ఎప్పుడొచ్చింది, ఎండలోనా, ట్రాఫిక్‌లోనా, ఎంత దూరం నడిచాక? సరుకుల చీటీ రాసినట్టే రాసిపెట్టండి. గేరు జారుతుంటే మాత్రం నడపొద్దు, పక్కకు ఆపేయండి.

కొనేముందూ స్కాన్ చేయించండి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లు చెప్పేస్తాయి. పదే అని వస్తే, "నిన్న ఏం తుడిచావయ్యా?" అని మొహం మీదే అడగండి.