రెండంచెల జీవతుల్యతా పరీక్షలు: ముందే ప్రకటించిన ప్రణాళికే ప్రమాణం

జనరిక్ మందు మూల ఔషధంతో సమానంగా రక్తంలో చేరుతున్నదని చూపేదే జీవతుల్యతా పరీక్ష. సాధారణంగా, రెండింటి సగటుల నిష్పత్తికి గణించిన 90 శాతం విశ్వాస అంతరం 80 నుంచి 125 శాతం హద్దులలో ఇమడాలి. ఇందుకు ఎంతమంది అవసరమన్నది విచలనంపై ఆధారపడుతుంది. దానిని తక్కువగా అంచనా వేస్తే మంచి మందు కూడా విఫలం కావచ్చు. ఎక్కువగా అంచనా వేస్తే ఆరోగ్యవంతులు అనవసరంగా మందు తీసుకోవలసి వస్తుంది.

మొదటి అంచెలో విచలనాన్ని కొలిచి, అవసరమైతేనే రెండో అంచెకు వెళ్లడం దీనికి పరిష్కారం. అయితే రెండుసార్లూ 5 శాతం స్థాయిలోనే తేల్చితే, తుల్యం కాని మందును ఆమోదించే అవకాశం 5 శాతాన్ని మించుతుంది. అందుకే ఐరోపా ఔషధ సంస్థ 2010 మార్గదర్శకం సవరించిన సార్థకతా స్థాయిలను ప్రోటోకాల్‌లో ముందే ప్రకటించాలన్నది. రెండు విశ్లేషణలలోనూ 94.12 శాతం విశ్వాస అంతరాన్ని ఉదాహరణగా చూపింది.

పాట్విన్ బృందం 2008లో ప్రతిపాదించిన పద్ధతులు కంప్యూటర్ అనుకరణలపై ఆధారపడినవి. అనుకరించిన పరిస్థితులకు వెలుపల వాటి భరోసా చాలదన్న నియంత్రణాధికారుల సంకోచం సమంజసమే. కానీ దోష నియంత్రణకు గణిత నిరూపణ గల సంయుక్త పరీక్షలు తరువాత వచ్చాయి. వాటి విషయంలోనూ సంకోచించడం తగదు.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. క్షేత్ర ప్రయోగంలో ఫలితం తేలలేదని మరో సీజను జోడించి, అదే 5 శాతం స్థాయిలో సార్థకమని ప్రకటిస్తే నష్టపోయేది ఆ సిఫారసును నమ్మిన రైతు. సీజను జోడించడం తప్పు కాదు. ఆ నియమాన్ని విత్తడానికి ముందే రాసిపెట్టుకోవాలి.