అట్ట అరిగితే బూటు పారెయ్యాలా?

ఏట్లో నిలబడి గాలం వెయ్యడానికి వేసుకునే బూట్లకు రబ్బరు అట్ట అరిగిపోతే ఏం చెయ్యాలి? మన కుటుంబాల్లో ఈ మధ్య రెండే జవాబులు వినబడుతున్నాయి. ఒకటి, "ఇంకో ఏడాది ఇలాగే గడిపేద్దాంలే." రెండోది, "పారేసి కొత్తవి తెప్పించుకుందాం." రెండూ సరి కావని మా అభిప్రాయం. మొదటిది ఎముకలకు చేటు. రెండోది డబ్బుకీ చేటు, మన ఊళ్ళలో ఇంకా మిగిలివున్న ఒక చేతిపనికీ చేటు. మూడో దారి ఉంది. బూటు పైభాగం గట్టిగా ఉన్నంతకాలం అట్ట మార్పించుకోవాలి. మార్పించాక నీళ్ళలో దిగకముందే పరీక్షించుకోవాలి. ఎందుకో, ఎలాగో చెప్తాం.

ఈ బూట్ల గొడవ మనకెందుకు వచ్చిందని కొందరు పెద్దలు అడుగుతారు. నిజమే. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయ్యాక కాలవల కింద భూములు కొనుక్కుని క్యాంపులు వేసుకున్న మన తాతలు ఏట్లోకి వట్టి కాళ్ళతోనే దిగారు, లేదంటే టైరు చెప్పులతో. వాళ్ళు దిగింది రోజూ చూసే రేవులో. మనం అలా కాదు. బెంగళూరు నుంచి రెండు రోజుల సెలవుకి వచ్చి, అలవాటు తప్పిన కాళ్ళతో బండల మీదికి పోతాం. అమెరికాలో ఉన్న పిల్లలు వస్తూ వస్తూ బాబాయికో, మావయ్యకో ఒక జత బూట్లు తెస్తారు. అవి చూడ్డానికి భలే ఉంటాయి. నాలుగైదేళ్ళకి అడుగు నున్నగా అయిపోతుంది. పైన మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పైన బాగున్నదాన్ని ఎవరూ తిరగేసి చూడరు.

మన ఏటి సంగతి తెలిసినవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆనెగుంది, హంపి దగ్గరంతా నల్లరాతి గుండ్లే. వానాకాలం పోయి నీళ్ళు తగ్గేసరికి ఆ గుండ్ల మీద పాచి పట్టి ఉంటుంది. పొడి బండ మీద పిల్లిలా నడిచే మనిషి కూడా పాచి బండ మీద నిలవలేడు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు గాని, ఏట్లో కాలు జారితే తీసుకోవడం అంత సుళువు కాదు. మూడేళ్ళ కిందట మా బాబాయి ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ ఏడాది నాట్లప్పుడు పొలం గట్టు మీద చెయ్యి మెడకి వేలాడేసుకుని నిలబడ్డారు. ఆయన బూట్లు తిరగేసి చూస్తే మడమ బయటి అంచూ, బొటనవేలి కింది భాగమూ అద్దంలా ఉన్నాయి.

రబ్బరు అట్ట పట్టు రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి రబ్బరు మెత్తదనం. మెత్తటి రబ్బరు రాతి గరుకులోకి కొంచెం కుంగి పట్టుకుంటుంది. రెండోది గాళ్ళూ, వాటి పదునైన అంచులూ. నీళ్ళు, బురద గాళ్ళలోంచి పక్కకి పోతేనే రబ్బరు రాతికి తగులుతుంది. అరిగేకొద్దీ గాళ్ళు పూడతాయి, అంచులు గుండ్రబడతాయి. అరగకపోయినా రబ్బరుకి వయసు మీద పడుతుంది. ఎండకీ, వేడికీ, గాలికీ గట్టిపడుతుంది, సన్నగా పగుళ్ళు వేస్తుంది. అందుకే అటక మీద ఐదేళ్ళు పడున్న బూటు "వాడలేదు కాబట్టి కొత్తది" అనుకోవడం పొరపాటు.

కారు టైరుకైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు తెలిసేలా లోపల గుర్తు పెడతారు. బూటుకి అలాంటి గుర్తు పెట్టరు. మా ఇంట్లో అగ్గిపుల్ల లెక్క పెట్టుకున్నాం. మడమ దగ్గరా, పాదం ముందుభాగం దగ్గరా గాడిలో అగ్గిపుల్ల అడ్డంగా పెట్టాలి. పుల్ల పూర్తిగా లోపలికి దిగకుండా పైకి తేలితే అట్ట పని అయిపోయినట్టే. తర్వాత గోటితో రబ్బరుని నొక్కాలి. గోటి ముద్ర కొంచెమైనా పడకుండా చెక్కలా ఉంటే గాళ్ళు లోతుగా ఉన్నా నమ్మొద్దు. మూడోది, బూటుని రెండు చేతులతో వంచి చూడాలి. అట్టకీ బూటుకీ మధ్య నోరు తెరుచుకుంటే జిగురు పోయినట్టు.

ఇక మార్చడం విషయం. మన ముందు మూడు రకాలున్నాయి: ఫెల్ట్, మేకులు, మళ్ళీ రబ్బరు.

దళసరి కంబళిలా ఉండే ఫెల్ట్ అట్ట పాచి రాయి మీద చాలా బాగా పట్టుకుంటుంది. చాలా దేశాల్లో చేపలవాళ్ళు ఎన్నో ఏళ్ళు దాన్నే వాడారు. కానీ అది నీళ్ళు పీల్చుకుని త్వరగా ఆరదు. ఒక ఏటి పాచినీ, కంటికి కనబడని జీవాల్నీ ఇంకో ఏటికి మోసుకుపోతుంది. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే పాచి బయటపడింది. అది ఏటి అడుగంతా దుప్పటిలా కప్పేస్తుంది. 2008లో అక్కడ ఫెల్ట్ అట్టల్ని నిషేధించారు. అక్కడ గాలం వేసేవాళ్ళకి చెప్పే మాట మూడు ముక్కలే: చూడు, కడుగు, ఆరబెట్టు. తడి పోయాక ఇంకో 48 గంటలు ఆరనివ్వాలంటారు. మన ఏట్లో డిడిమో ఉందని మేము అనడం లేదు. ఒక చెరువు బురదని ఇంకో చెరువుకి మోయకపోవడం ఎక్కడైనా మంచిదే. పైగా బురద రేవులో ఫెల్ట్ జారుతుంది. మనకి బండ ఎంతో బురదా అంతే. అందుకని ఫెల్ట్ మనకి వద్దని మా మాట.

రెండోది, రబ్బరు అట్టకి చిన్న మేకుల్లాంటి స్క్రూలు బిగించడం. మొన దగ్గర టంగ్‌స్టన్ కార్బైడ్ ఉన్నవి దొరుకుతాయి. రబ్బరు పాచి మీద తేలిపోయే చోట ఇవి పాచిని గుచ్చుకుని రాయిని అందుకుంటాయి. బిగించేటప్పుడు అంచుల వెంబడి బిగించాలి, పాదం వంపు కింద అక్కర్లేదు. స్క్రూ పొడవు అట్ట మందం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే అరికాలికి గుచ్చుకుంటుంది. పలచబడ్డ అట్టకి స్క్రూలు నిలవవు కాబట్టి ఇది అరుగుదలకి మందు కాదు, మంచి అట్టకి తోడు మాత్రమే. ఇంకో చిక్కుంది. మన ఏట్లో అవతలి ఒడ్డుకి పోవాలంటే పుట్టి ఎక్కుతాం. వెదురు బద్దలు అల్లి, కింద ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూసిన పుట్టిలో మేకుల బూటు పెడితే అడుగు చిల్లిపడుతుంది. పుట్టివాడి బతుకు ఆ అడుగు మీదే ఉంది. అందుకే మేకుల బూట్లు ఒడ్డునే విప్పాలి, లేదా మేకులే వద్దనుకోవాలి.

ఆ పుట్టినే చూడండి. దాని అడుగు అరిగితే ఎవరూ పుట్టిని పారెయ్యరు. ఒడ్డుకి లాగి, బోర్లా తిప్పి, పట్టా మార్చి, కొత్తగా తారు పూసి మళ్ళీ నీళ్ళలో వదుల్తారు. బూటు విషయంలోనూ మేము చెప్పేది అంతే.

మళ్ళీ రబ్బరు వేయించడం మన టౌన్లలో బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చునే చెప్పులు కుట్టే ఆయన చెయ్యగల పని. కాకపోతే ఏం కావాలో మనం స్పష్టంగా చెప్పాలి. పాత అట్టని పూర్తిగా ఊడదీయాలి. దాని మీదే ఇంకో ముక్క అంటిస్తే నిలవదు. కింది భాగాన్ని గరుకుగా రుద్దాలి, దుమ్ము లేకుండా తుడవాలి. సొల్యూషన్ రెండు వైపులా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు అతికించి సుత్తితో అంతటా కొట్టాలి. తడిగా ఉండగానే అతికిస్తే చూడ్డానికి బానే ఉంటుంది, నీళ్ళలో రెండు గంటలకే నోరు తెరుస్తుంది. అంచు చుట్టూ ఆరెతో గుచ్చి మైనం పట్టించిన నైలాను దారంతో కుట్టమనాలి. బూటు పక్కన నీళ్ళు పోయే చిల్లులు జిగురుతో మూసుకుపోకుండా చూడాలి. ఆ రోజంతా కదల్చకుండా ఉంచాలి.

రబ్బరు ఎంపికలో ఒక్క జాగ్రత్త. "లారీ టైరు ముక్క వేస్తాను సార్, పదేళ్ళు వస్తుంది" అంటారు. రోడ్డు మీద వస్తుంది, అనుమానం లేదు. కానీ ఎక్కువ కాలం అరగకుండా ఉండే ఆ గట్టితనమే తడి బండ మీద మనకి శత్రువు. మనకి కావలసింది గోరు కొంచెం దిగే మెత్తటి రబ్బరు, లోతు గాళ్ళు. అది త్వరగా అరుగుతుంది. అరగనివ్వండి. అట్ట అరగడానికే ఉంది, మనిషి కాదు.

"ఇంత తతంగం ఎందుకు, డబ్బుంది కదా, కొత్తవి కొనుక్కోవచ్చు కదా" అనేవాళ్ళకి మా జవాబు ఇది. మా ఇంట్లో ఇప్పటిదాకా అట్ట మార్పించిన ఏ జతకీ కొత్తదాని ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. అదొక్కటే కారణం కాదు. కొత్తవి తెప్పించాలంటే ఎవరో అమెరికా నుంచి రావాలి. వాళ్ళు వచ్చేదాకా మన బాబాయిలు ఆగరు, అరిగినవాటితోనే దిగుతారు. మార్చడం దగ్గర్లో, తక్కువలో అయిపోతేనే వేళకి మారుస్తారు. అంటే ఇది పొదుపు మాటకన్నా ముందు భద్రత మాట.

ఇంకొందరికి ఇది నామోషీ. "ఆ గొడుగు కింద నిలబడి బూట్లు కుట్టించుకుంటామా" అంటారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో గుర్తించిన 18 చేతివృత్తుల్లో ఈ పనీ ఉంది. పథకం సంగతి ఎలా ఉన్నా, మన వంతు మనం చెయ్యొచ్చు. బేరం ఆడకుండా డబ్బిచ్చి, "మీరు" అని మాట్లాడి, పని బాగుంటే నలుగురికి చెప్తే చాలు. ఆ గొడుగు ఒకసారి లేచిపోతే మన ఊళ్ళలో మళ్ళీ రాదు.

ఈ పనితో ఒక మాట కూడా మిగుల్తుంది. చెప్పు అడుగుని మన పెద్దలు అట్ట అంటారు. కన్నడంలో అట్టె. మాలాగా కన్నడ మీడియంలో చదివినవాళ్ళకి "సోల్" ఒక్కటే గుర్తుంది గాని, గొడుగు కింద కూర్చున్న పెద్దాయనకి అట్ట అన్నా తెలుసు, అట్టె అన్నా తెలుసు. ఇక "ఎక్కడ" కథ మనందరికీ తెలిసిందే. మన అవ్వ "ఎక్కడరా?" అని ప్రేమగా అడిగితే పక్కింటి కన్నడ పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు, వాళ్ళకది చెప్పు కదా. రెండు భాషల మధ్య బతికే మనకి చెప్పుల దగ్గర కూడా ఇన్ని మాటలున్నాయి. పని పోతే మాటా పోతుంది.

చివరగా పరీక్ష. సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం మా ఉద్యోగం. అక్కడ ఒక నియమం ఉంది: ఒకచోట బాగుచేశాక ఆ ఒక్కచోటే చూస్తే చాలదు, అంతా మళ్ళీ చూడాలి. బూటుకీ అంతే. కొత్త అట్ట వేయించాక ముందు బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న వంచి చూడండి, అంచు విడిందా? తర్వాత ఇంటి దగ్గర తడిపిన రాయి మీద, పక్కన పట్టుకోవడానికి మనిషిని పెట్టుకుని, ఎక్కి దిగి చూడండి. రెండు బూట్లూ ఒకే ఎత్తున ఉన్నాయా, చిల్లుల్లోంచి నీళ్ళు పోతున్నాయా చూడండి. ఆ తర్వాతే ఏరు. వచ్చాక కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురూ రబ్బరూ రెండూ పాడవుతాయి.

పారెయ్యాల్సిన బూట్లూ ఉంటాయి. అట్టకీ పాదానికీ మధ్య ఉండే స్పాంజి లాంటి పొర కొన్నిటిలో పాలియురేథేన్‌తో చేస్తారు. అది గాలిలో తేమకి ఏళ్ళ తరబడి లోలోపలే చెడి పొడిపొడిగా రాలుతుంది. అలాంటిదానికి ఎంత మంచి అట్ట వేసినా నిలవదు. చీలమండ దగ్గర గుడ్డ చిరిగినా, మడమ పట్టు పోయినా అంతే. అప్పుడు నిర్మొహమాటంగా పారెయ్యండి.

ఎంత మంచి అట్టయినా కాపాడలేనివి కొన్ని ఉన్నాయి. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఏరు ఎలా పొంగిందో చూశాం. గేట్లు ఎత్తుతున్నారని తెలిస్తే ఒడ్డు దాటొద్దు. మన ఏట్లో మొసళ్ళున్నాయి. డ్యామ్ దిగువన కొంత భాగాన్ని 2015లో నీటికుక్కల సంరక్షణ కోసం కేటాయించారు, అక్కడికి గాలంతో మేము పోము. మీరూ పోవద్దని మనవి.

ఈసారి సెలవులకి ఊరికి పోయినప్పుడు గాలం కర్ర తీసేముందు ఇంట్లో బూట్లన్నీ వరసగా తిరగేసి పెట్టండి. ఒక అగ్గిపెట్టె దగ్గర పెట్టుకోండి. పుల్ల పైకి తేలిన జతని సంచీలో వేసుకుని బస్టాండు దగ్గరికి పోండి. ముందు పెద్దవాళ్ళవి.