కూరలో కరివేపాకు

అవసరం తీరగానే మనిషిని ప్రక్కకు నెట్టివేస్తే, "కూరలో కరివేపాకు వలె తీసి పారవేశారు" అంటారు మనవారు. ఈ మాట ఎంత యథార్థమో తెలియాలంటే మన వసతి గృహపు భోజనశాలలో మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఒక్క క్షణం నిలబడితే చాలు. ప్రతి కంచం అంచునా పచ్చని ఆకుల వరుస కనిపిస్తుంది. తినడానికి గాక, ఏరి పెట్టడానికే వంటవాడు దానిని వేసినాడా అనిపిస్తుంది.

నేను తెలుగు బోధించేవాడను గనుక ముందుగా మాట సంగతి. ఉర్దూ మాట్లాడే మా యింట దీనిని "కర్యాపాక్" అంటారు. అది మన కరివేపాకే. ఉత్తరాదివారి "కఢీ పత్తా" మా అమ్మీ నోట నేనెన్నడూ వినలేదు. పేరులో వేప ఉన్నంత మాత్రాన ఇది వేప జాతి కాదు; నిమ్మ, మారేడు, వెలగల కుటుంబానికి చెందినది. శాస్త్రజ్ఞులు పెట్టిన "ముర్రాయా కోనిగీ" అను పేరులో కోనిగ్ అను వైద్యుని స్మృతి దాగి ఉన్నది. ఆయన లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వచ్చి, కొంతకాలం ఆర్కాటు నవాబు కొలువులో ఉండి, 1785లో నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన పెరటి చెట్టుకు పేరిచ్చిన వాడు మన గడ్డ మీదనే మట్టిలో కలియుట ఎందరికి తెలుసు?

ఇక రుచి మాట. ఈ ఆకు పరిమళమంతా అందలి తైలంలో ఉన్నది. కాగిన నూనె తగిలితే అది బాగా బయటపడుతుంది. ఖట్టీ దాల్‌కు బగార పెట్టునప్పుడు అమ్మీ ఆవాలు చిటపటలాడిన పిమ్మటనే, తడి తుడిచిన ఆకును అరచేత నలిపి వేసి, వెంటనే మూత పెట్టేది. ముందే వేసి మాడ్చిన ఆకు చేదెక్కుతుంది. ఎండి రంగు మారిన ఆకు వేసినా వేయకున్నా ఒకటే. మా నానీ మరొక అడుగు ముందుకు వేసేది. గుప్పెడు ఆకును దోరగా వేయించి, సెనగపప్పు, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి చేర్చి రోట దంచేది. వేడి అన్నంలో ఆ పొడి, కాస్త నెయ్యి ఉంటే మాంసం లేదని పిల్లలం గొడవ చేసిన జ్ఞాపకం లేదు. పొడిలో ఆకును ఏరగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆరోగ్యం విషయంలో మాత్రం నాకు కొంత పేచీ ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారు 650 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. నిజమే. కాని తాలింపులో మన వంతుకు వచ్చేది రెండు గ్రాములకు మించదు. అనగా 13 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 1000 కావాలి. పైగా అందలి ఆక్సలేట్లు ఆ కొంచెమును కూడా పూర్తిగా ఒంటపట్టనీయవు. కనుక ఆకును తినండి, ఔషధమని మాత్రం భ్రమపడవద్దు.

ఇది ఊరక అనుట లేదు. మా చాచాకు మధుమేహం. ఎవరో చెప్పగా ప్రతి ఉదయం పరగడుపున పది ఆకులు నమిలి, మాత్రలు మానివేశారు. నాలుగు నెలలకు కాలి పుండు మానక ఒక వేలు తీసివేయవలసి వచ్చింది. ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో ఈ ఆకు చక్కెరను తగ్గించిన మాట వాస్తవమే కావచ్చు. చాచా ఎలుక కాదు. ఆ రోజు ఆసుపత్రి వసారాలో ఆయన, "బేటా, ఆకుది తప్పు కాదు" అన్నారు. తప్పు ఆకుది కాదు, నిజమే. దానికి లేని మహిమను అంటగట్టిన మనది.

బజారు ఆకుతో వేరొక చిక్కు ఉన్నది. పురుగుమందుల అవశేషాల కారణంగా ఐరోపా దేశాలు మన కరివేపాకును ప్రత్యేకంగా తనిఖీ చేసిన సందర్భాలున్నవి. మనం దానిని నీళ్ళలో ఒకసారి ముంచి తీసి కుండలో వేస్తాము. చింతపండు నీటిలో పావుగంట నానవేసి కడుగుట మేలు.

అంతకంటె మేలు, మన చెట్టు మనకుండుట. వసతి గృహం వెనుక చేతులు కడిగిన నీరు వృథాగా పారే చోట నాలుగు మొక్కలకు స్థలం ఉన్నది. మా పెరటి చెట్టు చుట్టూ పిలకలు విస్తారంగా లేచినవి. వేళ్ళతో సహా నేనే తెచ్చి ఇస్తాను. వంటవానికి ఆకును సన్నగా తరిగి వేయమనీ, వారానికొకసారి పొడి చేయమనీ చెప్పవలసింది భోజనశాల కార్యదర్శి. తొలకరికి ముందుగా గుంతలు తీయుటకు కళాశాల కమిటీ వారి అనుమతి కావాలి.