గినీ: నాణెమా, నూలుబట్టా?

మా ఊరు తేంగాయితిట్టు అనగానే తెలుగు మిత్రులు నవ్వుతారు. పుదుచ్చేరి తమిళంలో 'తిట్టు' అంటే దిబ్బ, మాది కొబ్బరిదిబ్బ. తెలిసిన ధ్వనిలో తెలియని అర్థం దాగి ఉండవచ్చు.

ఇటీవల ఒక వర్తకచరిత్రను అనువదిస్తూ, 18వ శతాబ్దిలో పశ్చిమాఫ్రికాలో గినీలిచ్చి బానిసలను కొన్నారని చదివి, 'బంగారు నాణేలు' అని వ్రాయబోయాను. ఇంగ్లండు 1663 నుంచి ముద్రించిన నాణేనికి, బంగారం వచ్చిన గినీతీరం పేరే స్థిరపడింది. అయితే అదే పేరు ఒక నూలుబట్టకూ ఉంది. ఫ్రెంచివారు దాన్ని 'గినే' అన్నారు. పుదుచ్చేరి ప్రాంతంలో నేసి, నీలిమందు తొట్లలో ముంచిన ఆ బట్ట ఓడలెక్కి ఆఫ్రికా చేరేది. నాణేనికి బంగారం వచ్చినచోటి పేరు, బట్టకు తాను వెళ్ళినచోటి పేరు!

19వ శతాబ్దిలో సెనెగల్ నదీతీరాన తుమ్మజిగురుకు వెల ఈ నీలిబట్టతోనే చెల్లించేవారు. 1843లో ఫ్రెంచి ప్రభుత్వం దాని కొలతలకూ నాణ్యతకూ నియమాలు విధించింది.

నా వాక్యంలో నాణేలను కొట్టివేసి 'నీలిబట్టలు' అని వ్రాశాను. తన నేత ఎవరి మెడకు వెల అయిందో మగ్గం దగ్గరి మనిషికి తెలిసి ఉండకపోవచ్చు. చదివే మనకు తెలియాలి.